ఉండేది టాలట్, ఊరు బ్లాంచ్

మా చిన్నప్పుడు... డబ్లిన్ పడమటి అంచున, మేముండే బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వాన వచ్చి పోయి, మళ్ళీ వచ్చేది. శనివారం బట్టల పని నాది. పెరట్లో తీగ మీద ఆరేయడం, చినుకు పడగానే లోపలికి తేవడం, ఎండ వస్తే మళ్ళీ ఆరేయడం... అమ్మ ఊరికి ఇంకో కొసన ఉన్న టాలట్ ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ చేసి, రెండు బస్సులు మారి వచ్చి పడుకునేది. అమ్మకు మెలకువ రాకుండా మా అన్నయ్య సుధీర్ వంటింట్లో టేప్‌రికార్డరు సన్నగా పెట్టుకుని, అమెరికా ర్యాప్ పాటలు వింటూ పెదాలు కదిపేవాడు.

ఆ పాటల్లో ఒక పద్ధతి ఉండేది. పాడేవాడు తన ఊరు, తన వీధి పేరు చెప్పుకోవాలి. న్యూయార్క్ వైపు వాళ్ళు ఈస్ట్ కోస్ట్, లాస్ ఏంజెలిస్ వైపు వాళ్ళు వెస్ట్ కోస్ట్. ఒకళ్ళనొకళ్ళు పాటల్లోనే తిట్టుకునేవారు...

ఆ తగువు డబ్లిన్‌లో ఉన్న మా తెలుగు పిల్లల దాకా వచ్చింది. బ్లాంచర్డ్స్‌టౌన్‌ను అందరం బ్లాంచ్ అనేవాళ్ళం. మా బ్లాంచ్ పిల్లలు వెస్ట్ కోస్ట్ అన్నారు. మాకు పోటీగా టాలట్ పిల్లలు ఈస్ట్ కోస్ట్ అన్నారు. మ్యాపులో చూస్తే టాలట్ మాకు దక్షిణాన ఉంది. అది ఎవరికీ పట్టలేదు. అవతలి కోస్ట్ టేపు విన్నాడని తెలిస్తే చాలు, జట్టులోంచి తీసేసేవారు.

నెలకోసారి తెలుగు కుటుంబాలం ఒక హాల్లో ప్రార్థనకు కూడేవాళ్ళం. క్రిస్మస్ కూడికలో పిల్లల కార్యక్రమం ఉండేది. ఆ ఏడు బ్లాంచ్ తరఫున పాడాల్సింది అన్నయ్య. వేసవి నుంచి పాట కట్టుకుంటున్నాడు. సగం పాట టాలట్‌ను తిట్టడమే... అక్కడికి బస్సు రాదని, వచ్చినా ఆగదని, దిగినా చూడ్డానికేమీ లేదని.

నవంబరులో మా ఇంటి ఓనరు ఇల్లు అమ్ముతున్నానన్నాడు. లీజు కూడా అయిపోయింది. నాన్న టాలట్‌లో ఇల్లు చూశాడు, అమ్మ ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో. నాన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు బ్లాంచ్‌లోనే.

"ఇన్నాళ్ళూ మీ అమ్మ తిరిగింది. ఇక నేను తిరుగుతా" అన్నాడు. ఆ విషయం అంతటితో అయిపోయింది.

అన్నయ్య టేపులు తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు.

క్రిస్మస్ కూడిక రోజు హాలు గుమ్మంలోనే కిరణ్ అన్నయ్యను ఆపాడు. మా పాత వీధివాడే. బ్లాంచ్ జట్టుకు వాడే పెద్ద.

"సారీ రా. నువ్విప్పుడు టాలట్‌గాడివి. నీ బదులు నేను పాడతా."

టాలట్ జట్టు పెద్ద జోయెల్ ఆ మాట విన్నాడు. వాళ్ళది వరంగల్.

"మా దాంట్లోకి రా... గ్రాండ్. కానీ మమ్మల్ని తిట్టే పాట మా దిక్కు నిలబడి ఎట్ల పాడతావ్‌రా?"

ఇద్దరూ తప్పు మాట్లాడలేదు. అన్నయ్యకు అటూ చోటు లేదు, ఇటూ లేదు. వచ్చి మా పక్కన కూర్చున్నాడు. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నించున్నాడు గానీ తినలేదు.

మా ముందు కొత్తగా వచ్చిన ఒకాయన నాన్నను పలకరించాడు. "ఏ ఊరండీ మీది?"

"కాకినాడండి" అన్నాడు నాన్న, పప్పు వడ్డించుకుంటూ.

మేం ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటాం. అన్నయ్య పుట్టకముందే నాన్న కాకినాడ వదిలేశాడు. మద్రాసులో ఉన్నాడు, బెంగుళూరులో ఉన్నాడు, ఇక్కడికొచ్చాడు... ఎవరడిగినా కాకినాడే. ఎదుటివాళ్ళు కూడా మరో ప్రశ్న వేసేవారు కాదు.

అన్నయ్య ప్లేటు నా చేతికిచ్చి స్టేజీ వైపు వెళ్ళాడు.

కార్యక్రమం నడిపే అంకుల్ పాటకు ముందు ప్రతి పిల్లవాడి చేతా పేరు, ఊరు చెప్పించేవాడు. అందరూ గుంటూరనో ఖమ్మమనో అనేవాళ్ళు. కొందరైతే ఆ ఊళ్ళు చూసి కూడా ఎరగరు.

"పేరు చెప్పు బాబూ. ఊరు?"

"సుధీర్. ఊరు బ్లాంచ్. ఉండేది టాలట్."

హాలు నవ్వింది. వెనక నుంచి జోయెల్ అరిచాడు. "అబద్ధం అంకుల్! వాళ్ళది కాకినాడ. సముద్రం ఒడ్డు. వీడు పుట్టుకతోనే ఈస్ట్ కోస్ట్!"

"మీ వరంగల్‌కి ఉన్నది చెరువులే కదరా. నీకు కోస్ట్ ఎక్కడిది?" అన్నాడు అన్నయ్య స్టేజీ మీద నుంచే.

అందరికంటే గట్టిగా నవ్వింది జోయెల్ వాళ్ళమ్మ. "మంచిగ చెప్పినవ్ బిడ్డా! వీనికి గట్లనే కావాలె."

అన్నయ్య పాట మొదలుపెట్టాడు. ఒక్క మాట మార్చలేదు. సాయంత్రం తిరిగి వెళ్ళాల్సిన ఊరినే తిట్టాడు. సగంలో కిరణ్ తాళం అందుకున్నాడు... తరవాత బ్లాంచ్ పిల్లలందరూ. దిగి వచ్చాక కిరణ్ అన్నయ్య భుజం మీద ఒక్కటి చరిచాడు. అంతే.

ఆ రోజు ఆదివారం, బస్సులు తక్కువ. జోయెల్ వాళ్ళ నాన్న నన్నూ అన్నయ్యనూ కారులో ఎక్కించుకున్నాడు. వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం.

"పాట మంచిగుంది. అన్నీ అబద్ధాలే గానీ" అన్నాడు జోయెల్. ముందుకు వంగి తన ఈస్ట్ కోస్ట్ టేపు పెట్టాడు. అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. అద్దం మీద వాన... కొంత దూరం పోయాక అన్నయ్య వేళ్ళు మోకాలి మీద తాళం వేయడం చూశాను.

"వింటున్నవా?" అన్నాడు జోయెల్.

"వినట్లేదు. కొంచెం సౌండ్ పెంచు."

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్‌లో అన్ని ఊళ్ళ పాటలూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పాడేవాడిది ఏ ఊరో వాడికి తెలియదు, అడగడు కూడా. వాడికి ఏ లోటూ ఉన్నట్టు లేదు... నాకే అప్పుడప్పుడు ఏదో తక్కువైనట్టుంటుంది. మీరు ఉండే చోటు ఒకటి, మీదనుకునే ఊరు ఒకటి అయితే, ఆ రెండూ కింద రాయండి. చదువుతాను.

అన్నట్టు, డబ్లిన్ వదిలి దూరాన దక్షిణాన ఉన్న కార్క్ వైపు వెళ్ళాక కూడా జోయెల్ ఎవరడిగినా తన ఊరు టాలట్ అనే చెప్పేవాడట. వాళ్ళ నాన్నకు అక్కడి రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. ఆ క్రిస్మస్ తరవాతి ఆగస్టులో, స్కూళ్ళు తెరవకముందే వెళ్ళిపోయారు.