చెల్లె ఊరికి ఒడిబియ్యం, దారిలో నాలుగు అబద్ధాలు

బుధవారం పొద్దున ఏడూ పదికి కోరుట్ల బస్టాండులో వేములవాడ మీదుగా పోయే సిరిసిల్ల బస్సెక్కాం. నేను, నా భార్య రాజమణి, మా ఇద్దరి మధ్య సీటు మీద ఒక సంచి. అందులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక గుడ్డలు ఉన్నాయి. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి రాజమణికి జీరో టికెట్, నాకు పైసల టికెట్. సంచికేమిటని కండక్టరమ్మను అడిగాను.

"ఆడ సంచైతే జీరో, మొగ సంచైతే టికెట్" అంది తలెత్తకుండా. బయలుదేరీ బయలుదేరకముందే మాటల్లో నన్ను మించిన మనిషి తగిలింది, శకునం బాగుందనుకున్నాను.

ఒడిబియ్యం సంగతి తెలియని పాఠకులకు ఒక్క మాట. మా దిక్కున పెళ్లయిన ఆడపిల్లను మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటికి పిలిచి, కొంగు పట్టించి, ఐదుగురు ముత్తైదువలు దోసిళ్లతో బియ్యం పోస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటి కడప, అంటే గడప, మీద వేసి పోతుంది. రెండిళ్లూ నిండుగా ఉండాలని. ఈసారి మా చెల్లె శారదకు మోకాలి ఆపరేషన్ అయింది, బస్సెక్కే పరిస్థితి లేదు. అందుకని పుట్టిల్లే సంచిలో కూర్చుని ఆమె దగ్గరికి బయలుదేరింది.

ఆమెది హైదరాబాదుకు పడమర దిక్కున పేరుకు పల్లె. ముప్పై ఏళ్ల కింద పిల్లను అక్కడ ఇస్తే "రాళ్లల్ల ఇచ్చినవు గదనే" అని మా నాయనను అందరూ తిట్టారు. ఇప్పుడు ఆ రాళ్ల మీద విల్లాలు, విల్లాలకు అద్దాలు లేచాయట. ఊరి పేరు రాయొద్దని శారద ఒట్టు పెట్టించుకుంది. రాస్తే కోరుట్లంతా టిఫిన్లకు దిగుతుందని ఆమె భయం.

తొమ్మిదిన్నరకు సిరిసిల్లలో దిగి చీర తీసుకున్నాం. నేసిన నర్సయ్య మాకు దూరపు చుట్టం. మగ్గాల చప్పుడులో బతికిన మనిషి కాబట్టి రోడ్డు మీద కూడా అరిచే మాట్లాడతాడు. "అంచు నేనే చూసి నేసిన అని శారదకు చెప్పుర్రి" అని ఆయన అంటే ఎదురు హోటల్లో ఇడ్లీ తినేవాళ్లంతా మా వైపు చూశారు. మేమూ అక్కడే తిన్నాం. చట్నీ బాగుంది, నీళ్లు మీరే తెచ్చుకోండి.

పదీ నలభైకి జూబ్లీ బస్టాండుకు పోయే బస్సు దొరికింది. రాజమణి పక్కన కిటికీ దగ్గర ఒకామె కూర్చుంది. పేరు కనకవ్వ, ఊరు గంభీరావుపేట. నలభై ఏళ్లు ఉంటాయి. ఎటు పోతున్నారని అడిగింది, చెల్లె ఊరి పేరు చెప్పాను. అడగకపోతే ఈ కథనం రెండు పేజీలు తగ్గేది.

నేను ఆ ఊరికి పోయి ఆరేళ్లు దాటింది. ఇప్పుడెట్లుందో తెలియదు. తెలియని చోటే నా నోరు బాగా ఆడుతుంది. ఆ ఊళ్లో కుక్కలకు డాక్టరు ఇంటికే వస్తాడని చెప్పాను. పాలకూర, గోంగూర ఏసీలో ఉంటాయనీ, వాటి మీద మంచు కురుస్తుందనీ చెప్పాను. ప్రహరీ లోపల ఒక చెరువుందనీ, అందులో చేపల్ని చూడాలి తప్ప పట్టకూడదనీ చెప్పాను. ప్రతిదానికీ ఆమె "గట్లనా" అంది. ఆ ఒక్క మాటతో నన్ను సిద్దిపేట దాకా నడిపించింది. అక్కడ చాయ్ తాగి, ఊపు తగ్గక నాలుగోది కూడా అన్నాను.

"మా చెల్లె పిలిస్తే ఊరంత కదిలొస్తది. రేపు ఒడిబియ్యం పోసేటందుకు ఇంట్ల నిలబడ జాగుండదు."

"గట్లనా" అంది కనకవ్వ, ఈసారి కిటికీ వైపు తిరిగి. రాజమణి నా మోచేతిని గట్టిగా గిల్లింది.

రెండున్నరకు జూబ్లీ బస్టాండు. కనకవ్వ జనంలో కలిసిపోయింది. మేము పరేడ్ గ్రౌండు దగ్గర మెట్రో ఎక్కి రాయదుర్గం, అక్కడి నుంచి ఆటో. నాలుగున్నరకు చెల్లె ఇల్లు. కొత్తగా పోయేవారు ఆటో అతనికి విల్లాల పేరు చెప్పాలి. ఊరి పేరు చెబితే అతనికి తెలియదు.

సాయంత్రం బావ నన్ను తిప్పి చూపించాడు. ఇక్కడి నుంచి నా మాట నమ్మండి, ఒక్క ముక్క కలపలేదు. రెండు వైపులా ఒకే ఎత్తు చెట్లు, వాటి కింద అద్దంలా రోడ్డు. ఆ రోడ్డును ఒక బండి బ్రష్షులతో తోమి కడుగుతోంది. ఊరంతా ఎంత నిశ్శబ్దమంటే నా చెప్పుల చప్పుడుకు నాకే సిగ్గేసింది. ఒక గేటు ముందు వ్యాను ఆగి ఉంది, దాని మీద కుక్క బొమ్మ. తెల్లకోటు వేసుకున్న డాక్టరు దిగి లోపలికి పోయాడు. నేను బావ భుజం పట్టుకున్నాను. కూరగాయల దుకాణంలో గోంగూర కట్టల మీద సన్నని మంచు పొగలా రాలుతోంది. కింద నిలబడి చెయ్యి చాపాను, తడిసింది. మన చేన్లలో బురద కాళ్లతో ఉండే గోంగూర అక్కడ రాణిలా కూర్చుంది. ఇంటికి తిరిగొస్తుంటే ప్రహరీ కమ్ముల సందులోంచి చెరువు కనిపించింది. నారింజ రంగు చేపలు, పక్కన "చేపలు పట్టరాదు" అని బోర్డు.

నలభై ఏళ్లుగా కోతలు కోసి బతికినవాడిని. అరగంటలో నాకు కోయడానికి ఏమీ మిగలకుండా చేసింది ఆ ఊరు.

"ఏంది బావా, మాట పడిపోయింది?" అన్నాడు బావ.

"మూడు నిజమైనయి బావా" అన్నాను. అతనికేమీ అర్థం కాలేదు.

గురువారం పొద్దున ఎనిమిదికి రాజమణి శారదను అడిగింది, ముత్తైదువలు ఎన్ని గంటలకు వస్తారని. శారద మోకాలి పట్టీ సర్దుకుంటూ కూర్చుంది.

"ఎవల్ని పిలువలే వదినె. ఎవలున్నరు? పాతోళ్లంత అమ్ముకొని తలో దిక్కు పోయిర్రు. మా తోడికోడళ్లు గూడ పోయిర్రు. గోడల అవుతలోళ్లు నాకు కారు అద్దాలల్లనే తెలుసు."

"అందరు అస్తరని ఫోన్ల చెప్తివి గదనే" అన్నాను.

"నీ చెల్లెను గాదా అన్నా" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "గీ ఒక్కసారి వదిలెయ్యుర్రి. పుట్టింటోళ్లు వచ్చిర్రు, అదే సాలు."

"పసుపు కలిపిన బియ్యం వాపస్ తీస్కపోతమా?" అంది రాజమణి. తను ఒక్కతే ముత్తైదువ. ఇంకో నలుగురు కావాలి, ఒంటిగంటన్నరకు రాహుకాలం.

నేను కండువా వేసుకుని విల్లాల పెద్ద గేటుకు పోయాను. గార్డు మీసాలు నెరిసిన మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"ఎవలింటికి సార్? విల్లా నంబర్?"

"నంబరేం లేదు. నలుగురు ముత్తైదువలు కావాలె."

అతను ఫోను తీసి చాలాసేపు వెతికాడు. "గా ఆప్షన్ లేదు సార్. గెస్ట్ ఉన్నది, డెలివరీ ఉన్నది, పనోళ్లున్నరు. పనోళ్ల గేటు అటు పక్క."

అటు పక్క గేటు దగ్గర ఆడవాళ్ల వరుస ఉంది. మెడల్లో కార్డులు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. వాళ్లలోంచి ఒక గొంతు వినబడింది.

"ఏందన్నా, చేపలు వట్టెతందుకు వచ్చినవా?"

కనకవ్వ. భూమి చీలితే బాగుండుననుకున్నాను, కానీ అక్కడ భూమి మీద గ్రానైటు పరిచారు.

"నిన్న నువ్వు చెప్పిన డాక్టరు సూది వేసే కుక్కకు తానం పోసేది నేనే" అంది.

"మరి బస్సుల ఎందుకు చెప్పలే?"

"అంత మంచిగ చెప్తుంటే నడుమ అడ్డం రావాల్నా? మూడు నిజమే చెప్పినవు. ఊరంత కదిలొచ్చిందా మరి?"

"రాలే. ఒక్కలు గూడ రాలే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి సాదాగా వచ్చింది. ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది.

"పన్నెండున్నరకు మాకు గంట తీరిక. మేం రావచ్చునా? మా మరియమ్మక్క చర్చికి పోతది మరి."

"రెండు చేతులున్నయా?"

"ఉన్నయి."

"సాలు."

పన్నెండున్నర దాటింది. శారద సిరిసిల్ల చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది, ఆ మోకాలితో పీట మీద కూర్చోవడం కుదరదు కాబట్టి. ఒంటిగంట అయింది. బావ గడియారం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఒంటిగంటా ఐదుకు వాకిట్లో చెప్పుల చప్పుడు.

ఏడుగురు వచ్చారు. కనకవ్వ ముందు, మరియమ్మ వెనక. గిన్నెలు తోమి వచ్చిన చేతుల్లో ఇంకా నిమ్మ సబ్బు వాసన. "ఊరంత రాలే అన్నా. ఊరికి అన్నం వండెటోళ్లం వచ్చినం. నీ అబద్ధం సగం నిజమైంది" అంది కనకవ్వ.

కనకవ్వ మొదటి దోసిలి నింపుతుంటే గేటు ముందు పెద్ద కారు ఆగింది. దిగినామె కనకవ్వ పనిచేసే ఇంటి యజమానురాలు, గార్డును అడిగి వెతుక్కుంటూ వచ్చింది. "చెప్పకుండా ఎటు పోయావని..." అంటూ లోపలికి వచ్చి పసుపు బియ్యం చూసి ఆగిపోయింది. ఆమె మాట మా యాసలోకి మారింది. "మాది జగిత్యాల దిక్కే. దొరల ఇల్లు అనేటోళ్లు. మా అమ్మ పోయినంక నాకెవలు పోయలే" అంది. చెప్పులు విడిచి, నల్లా దగ్గర చేతులు కడుక్కుని, కనకవ్వ వెనక వరుసలో నిలబడింది.

"నన్ను గూడ రెండు దోసిళ్లు పొయ్యనిస్తరా?"

శారద కొంగు ఇంకాస్త చాపింది. రాజమణితో కలిపి తొమ్మిది మంది పోశారు. బియ్యం జారకుండా రెండు చేతులతో కొంగు పట్టుకుని కూర్చుంది మా చెల్లె. ముందురోజు చూసిన అద్దాలు, చెరువు, మంచు, అన్నీ ఆ కొంగు ముందు నాకు చిన్నగా కనిపించాయి.

శుక్రవారం ఎనిమిదికి బయలుదేరుతుంటే శారద అడిగింది. "ఐదు పిడికిళ్లు ఏ కడప మీద వెయ్యాలె అన్నా?" నేను కండువా పరిచాను. ఒక్కో పిడికిలీ మెల్లగా వేసింది. ముడి వేశాను.

తిరుగు దారి కరీంనగర్ మీదుగా. మూడున్నరకు జగిత్యాలలో బస్సు మారాం. కోరుట్ల బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన నా ఒడిలో మూట చూశాడు.

"కింద పెట్టరాదు? ఏమున్నది అండ్ల?"

అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. రాజమణి ఏం వినాలోనని నా వైపు చూసింది.

"బియ్యం" అన్నాను. "ఐదు పిడికిళ్లు."

"గంతేనా?"

"గంతే."

మగవాడి ఒడి నింపే ఆచారం మా దిక్కున లేదు. అయినా ఇల్లు చేరి, తాళం తీసి, కడప ముందు వంగేదాకా ఆ మూట నా ఒడిలోంచి దిగలేదు.