తొమ్మిదో గేటు

భాగీరథికి ఒకచోట కుదురుగా ఉండడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. చింతామణిలో వాళ్ల తాత గుడిలో అర్చకుడు. తండ్రి శ్యామసుందర కోర్టు ఎదురుగా జెరాక్సు అంగడి పెట్టుకున్నాడు. ఇంట్లో సహస్రనామం చదువుతుంటే ఈ పిల్ల మాత్రం ఊరి బయట కొండమీద నున్నటి బండలపై కొబ్బరి మట్ట వేసుకుని జారుతూ ఉండేది. మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొస్తే తల్లి మీనాక్షమ్మ పసుపు అద్దుతూ తిట్టేది. మర్నాడు మళ్లీ అదే కథ.

కాలేజీలో ఎన్‌సీసీలో చేరాక, పందొమ్మిదో ఏట ఆమెను మంచుకొండల్లోని ఔలికి స్కీయింగ్ శిక్షణకు పంపారు. మంచును చూడడం అదే మొదలు. కాళ్లకు స్కీలు కట్టి వాలు మీద నిలబెట్టగానే, తనను పుట్టించింది ఇందుకేనేమో అనిపించింది. తోటి పిల్లలు పడతామని భయపడుతుంటే ఆమె ఆగలేక పడేది. ఆ తర్వాత ప్రతి చలికాలం ఏదో ఒక సెలవు పట్టుకుని ఉత్తరాదికి రైలెక్కేది.

ఆమె పట్టుకున్న ఆట స్లాలమ్. మంచువాలులో ఎర్రవీ నీలివీ కర్రలు పాతి ఉంటాయి. ఒక్కోదాన్ని గేటు అంటారు. పైనుంచి మెలికలు తిరుగుతూ, ప్రతి కర్రకూ సరైన పక్కనుంచి రెండు పాదాలూ పోనిస్తూ దిగాలి. ఒక్క పాదం అవతలి పక్కకు పోయినా మొత్తం పరుగు చెల్లదు.

బాగేపల్లి హైస్కూల్లో పీఈ టీచరు ఉద్యోగం వచ్చాక మంచు ఇంకా దూరమైంది. అందుకని చక్రాల బూట్లు కొనుక్కుంది. పొద్దున్నే బడికి ముందు పాతపాళ్య వైపు కొత్తగా తారు వేసిన రోడ్డు మీదికి పోయి, మట్టి నింపిన డబ్బాల్లో కర్రలు నిలబెట్టి, వాటి మధ్య మెలికలు తిరిగేది. కర్రలు నంజప్ప అనే రైతు టమాటా తోటవి.

"ఏమమ్మా టీచరమ్మా, చెట్లు లేకుండా ఉత్త కర్రలే నాటితివే, ఏం కాస్తాదిది?" అని నవ్వేవాడాయన.

"మంచు కాస్తాది నంజప్పా," అనేది ఆమె, ఆగకుండానే.

అలా ఐదేళ్లు గడిచాక, ఇరవై ఎనిమిదో ఏట, ఆల్ప్స్ కొండల్లో జరిగే ప్రపంచ పోటీకి జట్టులో ఆమె పేరొచ్చింది.

ఆ రోజు వాలు మీద పొగమంచు. మొదటి పరుగులో వేగంగా దిగిన అరవై మందికే మధ్యాహ్నం రెండో పరుగు. పెద్ద దేశాల అమ్మాయిలంతా దిగిపోయాక, గాడులు పడి గరుకెక్కిన మంచు మీద తొంభై రెండో మనిషిగా భాగీరథి బయలుదేరింది. ఎనిమిది గేట్లు బాగానే తీసుకుంది. తొమ్మిదో గేటు దగ్గర ఎడమ స్కీ జారింది. సర్దుకునేలోపు కర్ర ఆమె రెండు కాళ్ల మధ్యకు వచ్చి, తొడకు టపీమని తగిలి వంగిపోయింది. ఎడమ పాదం అవతలి పక్కనుంచి పోయింది.

ఆమెకు తెలిసింది. అయినా కాళ్లు ఆగలేదు. ఆ గేటు తర్వాత దిగినట్టు జీవితంలో ఎప్పుడూ దిగలేదు. కర్రలు తమంతట తామే పక్కకు తప్పుకున్నాయి. కింద గీత దాటి ఊపిరి పీల్చుకుంటూ బోర్డు చూస్తే, తన పేరు పక్కన యాభై ఎనిమిది అని ఉంది.

ఎవరూ చూడలేదు. గేటు పక్కన కాపలా ఉన్న మనిషికి ఆ పొగమంచులో అది కనపడలేదు. కోచ్ పరుగున వచ్చి ఆమెను ఎత్తి తిప్పాడు. అంతలో ఆయన దగ్గర ఉంచిన ఆమె ఫోన్ మోగింది.

"అమ్మణ్ణీ, నువ్వు అరవై మందిలో ఉండావంట గదా!" శ్యామసుందర అరుస్తున్నాడు. "తమ్ముడు సుధన్వ ఫోన్లో చూపించినాడు. అంగట్లో అందరూ చూస్తాండారు. ఫ్లెక్స్‌కు చెప్పేసినా!"

"నాన్నా, ఉండు..." అంది కానీ అవతల లాయర్లూ గుమాస్తాలూ చప్పట్లు కొడుతున్నారు. లైను తెగిపోయింది.

రెండో పరుగుకు ఇంకా మూడు గంటలుంది. అందరూ వెచ్చటి గదిలో సూప్ తాగుతున్నారు. భాగీరథి కూర్చుంది, లేచింది, బూట్ల పట్టీలు వదులు చేసింది, మళ్లీ బిగించింది. బయటికి పోయి మంచులో అటూ ఇటూ నడిచింది. తొడ మీద కర్ర తగిలిన చోట కమిలింది. దాన్ని వేలితో నొక్కి చూసుకుంది. ఒకవేళ పాదం సరిగ్గానే పోయిందేమో, తనకే అలా అనిపించిందేమో అని నచ్చజెప్పుకోబోయింది. ఎన్నిసార్లు తలుచుకున్నా పాదం అవతలి పక్కనుంచే పోయింది.

చివరికి కోచ్‌కు చెప్పింది. ఆయన మనాలి మనిషి, రిటైరైన సైనికుడు. చుట్టూ చూసి ఆమెను తలుపు వెనక్కి తీసుకుపోయాడు. కాగితం మీద రాయనిది జరగనట్టే లెక్క అన్నాడు హిందీలో. ఇలాంటి రోజు కోసం తాను ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నానన్నాడు. ఆ మాట ఆమెకు గట్టిగా తగిలింది. తల ఊపి, మళ్లీ బయటికొచ్చి నడిచింది.

గోడ మీద ఫలితాల జాబితా అంటించారు. దాని ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఏదో చిన్న దేశం జెర్సీ. అరవై ఒకటో పేరు మీద వేలుపెట్టి, పైకి ఒక గీత దూరాన్ని కొలుస్తున్నట్టు వేలు కదిపి, చేయి దించేసింది. భాగీరథిని చూసి మర్యాదగా నవ్వింది.

భాగీరథి అక్కణ్ణుంచి నేరుగా రిఫరీల గదికి పోయింది. తొమ్మిదో గేటు తప్పానని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. తెల్ల మీసాల పెద్దాయన ఒకటికి రెండుసార్లు అడిగి, ఆమె పేరు కొట్టేసి, అరవై ఒకటో పేరును అరవైలోకి జరిపాడు. లేచి చేయి కలిపాడు. ఆమెకు హాయిగా ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం ఆ చిన్న దేశం అమ్మాయి దిగుతుంటే కంచె పక్కన నిలబడి చూసింది. ఆ పిల్ల సగంలోనే పడిపోయింది. ఇంతోటిదానికా అనుకుంది భాగీరథి. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, నేను గేటు తప్పినా. నేనే పోయి చెప్పినా. పేరు తీసేసిరి."

"ఎవురన్నా చూసిరా?" అన్నాడు తండ్రి.

"లేదు."

"మరి?"

ఆమె కంచె మీద పేరుకున్న మంచును దులిపింది. "సరే, పెట్టేస్తాండా," అన్నాడు శ్యామసుందర.

వారం తర్వాత చింతామణిలో బస్సు దిగేసరికి ఎదురుగా తన మొహమే. ఫ్లెక్స్ మీద కన్నడంలో పెద్దక్షరాలతో, ప్రపంచ పోటీలో యాభై ఎనిమిదో స్థానం. ఆమె సంచి కింద పెట్టకుండానే ఇంట్లో అడిగింది.

"అంతా తెలిసి కూడా ఎందుకు పెట్టినావు నాన్నా?"

"బోర్డు మీద నంబరు వచ్చింది నిజమే గదా!" అన్నాడాయన.

"నిజం కాదు నాన్నా."

ఆయన కండువా వేసుకుని అంగడికి వెళ్లిపోయాడు. "ఆయనకు పదిమందికి చూపెట్టుకునేదానికి అదొకటే ఉండె," అంది మీనాక్షమ్మ మెల్లగా.

మర్నాడు పొద్దున తమ్ముడు సుధన్వ నిచ్చెన పట్టుకుంటే భాగీరథే ఎక్కి తాళ్లు కోసింది. పక్కన ఎళనీరు బోండాలు అమ్మే వెంకటరామప్ప, "బాగుండాది గదమ్మా, ఉండనీ," అన్నాడు. ఆమె కిందికి చూడలేదు.

తండ్రి నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం క్యారియరు ఇవ్వడానికి ఆమె అంగడికి వెళ్తే లోపలినుంచి ఆయన గొంతు వినపడింది. జెరాక్సు తీయించుకోవడానికి వచ్చిన లాయరుతో చెబుతున్నాడు: "మా అమ్మాయిని ఎవురూ పట్టుకోలే సార్. అదే పోయి చెప్పింది." అది ఫిర్యాదో, గొప్పో ఆమెకు అర్థం కాలేదు. క్యారియరు బల్ల మీద పెట్టింది. "పులుసులో ఉప్పెక్కువైందంట, అమ్మ చెప్పమనింది," అంది. "కానీలే," అన్నాడాయన.

మరుసటి ఏడు జట్టులో ఆమె పేరు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. అయినా జనవరిలో రెండు వారాలు సెలవు పెట్టి, స్కీలు భుజాన వేసుకుని మళ్లీ రైలెక్కింది. తాను చేసింది మంచిపనే అని కొన్ని రోజులు అనిపిస్తుంది. కొన్ని రోజులు, తరగతికీ తరగతికీ మధ్య మైదానంలో నడుస్తూ, నోరు మూసుకుని ఉంటే పోయేదేముంది అని తనను తాను తిట్టుకుంటుంది. బాగేపల్లిలో పిల్లలు ఆ పోటీ గురించి అడిగితే తొమ్మిదో గేటు తప్పానని చెబుతుంది. దాని తర్వాతి యాభై గేట్లూ ఎలా దిగిందో ఎవరూ అడగరు. అడిగితే చెప్పాలని ఆమెకు చాలా ఉంది.