నల్లబడ్డ నాలుగు ప్లగ్గులు

2024 వానాకాలం. ఆర్మూర్‌ను ఆనుకుని ఉన్న పెర్కిట్‌లో, హైవే పక్కన నా షెడ్డు. కార్ల ఇంజన్లు బాగుచేయడం తప్ప నాకు ఇంకో పని రాదు, ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాను. పెట్రోలు ఇంజన్ చప్పుడు వింటే చాలు, రోగమేమిటో చెప్పేస్తానని కొంచెం పొగరు కూడా ఉండేది. "సలీం భాయ్ చెవి పెడితే ఇగ స్కానర్ దేనికి" అని జనం అంటుంటే నేను వద్దనేవాణ్ణి కాదు. ఆ పొగరు దిగిన సంగతి ఇది.

ముందు ఆ ఇంజన్ గురించి చెప్పాలి. పన్నెండు వందల సీసీకి అటూ ఇటూగా ఉండే నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. ఏ వీధిలోకి పోయినా రెండు మూడు ఇళ్ల ముందు కనిపించే రకం. గాలికీ పొగకూ తలుపుల్లాంటి వాల్వులు సిలిండర్‌కు నాలుగు చొప్పున పదహారు, బెల్టుకు బదులు టైమింగ్ చైన్, ప్రతి స్పార్క్ ప్లగ్గుకూ సొంతంగా ఒక ఇగ్నిషన్ కాయిల్. ప్లగ్గు అంటే సిలిండర్ లోపల నిప్పు పుట్టించేది, దానికి కరెంటు పంపేది కాయిల్. మొండి ఇంజన్, వేళకు ఆయిల్ మారిస్తే ఏళ్లకేళ్లు నడుస్తుంది. దీనికి వచ్చే జబ్బులు కూడా మాకు కొట్టిన పిండే. కాయిల్ పోతే ఒక సిలిండర్ పనిచేయక బండి వణుకుతుంది. గాలి లోపలికి పోయే గొంతు, మేము థ్రాటిల్ బాడీ అంటాం, అందులో మసి పేరుకుంటే బండి నిలబెట్టగానే ఆగిపోతుంది. ఇక మా ఊళ్లో పసుపు కొమ్ములు పాలిష్ పట్టే రోజుల్లో ఎయిర్ ఫిల్టర్లు పచ్చగా వస్తాయి, దులిపితే కూరలో వేసుకోవచ్చు. ఇవన్నీ నాకు అలవాటే. లింబాద్రి కారు రోగం మాత్రం వీటిలో దేనిలోనూ ఇమడలేదు.

లింబాద్రిది వేల్పూర్. మూడెకరాల పసుపు, కొంచెం వరి. ఆయన భార్య గంగామణికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు నిజామాబాద్ దవాఖానలో డయాలసిస్. అది చేయించుకుని బస్సులో తిరిగి వస్తుంటే రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయిందట. అందుకని ఈ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. పెళ్లికీ, పేరంటానికీ కాదు, ఆ మూడు రోజుల కోసమే అది ఆ ఇంట్లో ఉంది.

మొదటిసారి ఆగస్టులో వచ్చారు. ఆమె దిగి నా బెంచీ మీద కూర్చుంది. చల్లని నీళ్లు ఇస్తే వద్దని చెయ్యి ఊపింది.

"భాయ్, గుంజుతలేదు బండి. గేరు మారిస్తే దగ్గుతది. ఎనుక పొగొస్తది," అన్నాడు లింబాద్రి.

"ఏం రంగు పొగ?"

"జర నీలం నీలం."

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని అర్థం. ప్లగ్గులు ఇప్పాను. నాలుగూ నల్లగా, తడిగా, జిడ్డుగా ఉన్నాయి. బాగున్న ప్లగ్గు మొన గోధుమ రంగులో పొడిగా ఉండాలి. కొత్తవి వేశాను, పొగ కొంచెం తగ్గింది, బండి పరుగెత్తింది. పంపించేశాను. పది రోజులు ఏ ఫోనూ లేదు. "చూసినవా మనతోని ముచ్చట" అని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాను కూడా.

సెప్టెంబర్‌లో మళ్లీ అదే కారు, అదే దగ్గు, అవే నల్లటి ప్లగ్గులు. ఈసారి కంప్రెషన్ చూశాను. పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో మీటరు పెట్టి చూసే పరీక్ష అది. పిస్టన్ రింగులు అరిగితే ఆయిల్ పైకి ఎక్కుతుంది, మీటరు పడిపోతుంది. కానీ నాలుగు సిలిండర్లూ కొత్త ఇంజన్‌లా చూపించాయి. సరే, రింగులు కావు, వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బరు సీళ్లు పోయి ఉంటాయి అనుకున్నాను. డిప్ స్టిక్ లాగాను. ఆయిల్ ఎంత ఉందో చూసే చువ్వ అది. నిండుగా ఉంది! పోయినసారి నేను చూసిన గీత దగ్గరే, వెంట్రుకవాసి కూడా దిగలేదు.

నాకు బుర్ర తిరిగిపోయింది. ఆయిల్ కాలుతోంది, పొగ కళ్ల ముందే ఉంది, ప్లగ్గుల మీద జిడ్డు నా వేలికి అంటింది. అయినా ఇంజన్‌లో ఆయిల్ తగ్గలేదు. కాలేది ఎక్కడి నుంచి వస్తోంది? ఇంజన్ తనంతట తాను ఆయిల్ పుట్టించుకుంటుందా? ముప్పై ఏళ్లలో అలాంటిది నేను వినలేదు. తెలియనప్పుడు మనిషికి కోపం వస్తుంది కదా, నాకూ వచ్చింది. అది లింబాద్రి మీద పడింది.

"నాకు తెల్వకుండ ఆయిల్ పోస్తున్నవ్ నువ్వు. నిజం చెప్పు."

"ఎల్లమ్మ తోడు, నేను బానెట్ గూడ ఎత్తలే భాయ్!"

"మరి పెట్రోల్ యాడ పోయిస్తున్నవ్?"

"ఎప్పుడు మా ఊరి బంకులనే. ఏరే కాడ పోయించనే పోయించ."

ఆ బంకులో పోయించుకునే బండ్లు నా దగ్గరికి ఇంకో ఇరవై వస్తాయి. వాటిలో దేనికీ దగ్గు లేదు. కాబట్టి పెట్రోలు కాదు. ఇలా ఒక్కొక్కటే కాదు, కాదు అని కొట్టేసుకుంటూ పోతే చివరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే అది కూడా నాలాగే ఉంది. నాలుగు సిలిండర్లూ అప్పుడప్పుడు తప్పుతున్నాయి అంటుంది, ఎందుకో చెప్పదు. మళ్లీ ప్లగ్గులు మార్చి పంపాను. ఆరు రోజులు బాగానే నడిచింది.

ఏడో రోజు బుధవారం. నిజామాబాద్ దారిలో వానలో కారు ఆగిపోయింది. సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదు. లింబాద్రి వేరే బండి దొరకబుచ్చుకునేసరికి డయాలసిస్ వేళ దాటిపోయి, ఆమె వంతు ఇంకొకరికి వెళ్లిపోయింది. ఆ రాత్రికే గంగామణి కాళ్లు ఉబ్బాయి, తెల్లవారేసరికి ఆయాసం. గురువారం అత్యవసరంగా చేర్పించి డయాలసిస్ చేశారు, శుక్రవారం వంతుకు మళ్లీ రమ్మని సాయంత్రం ఇంటికి పంపారు. లింబాద్రి ఫోన్‌లో నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మస్తు భయమైంది భాయ్" అని మాత్రం అన్నాడు.

శుక్రవారం పొద్దున కారును తాడు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చారు. అటునుంచి అటే దవాఖానకు పోవాలని గంగామణి కూడా వెంట వచ్చింది. ఇక ఇంజన్ ఇప్పడమే అని తేల్చేశాను. ఇంజన్ పైభాగం, అదే హెడ్, దించాలి, సీళ్లు మార్చాలి, పది రోజులు బండి నా దగ్గరే ఉండాలి. నిజం చెప్పాలంటే రోగం దొరికి కాదు, దొరకక ఇప్పుతున్నాను. ఆ పది రోజుల్లో నాలుగు డయాలసిస్‌లు. లింబాద్రి ముఖం వాడిపోయింది. "ఆర్మూర్ల మా బామ్మర్దిని అడుగుత బండికి," అని ఆటో ఎక్కిపోయాడు. పదకొండింటికి ఆమె నిజామాబాద్‌లో ఉండాలి. అప్పుడు ఎనిమిదిన్నర.

ఆమె ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చుంది. నీళ్లు ఇచ్చాను, వద్దంది. ఇది మూడోసారి. నా చేతి నీళ్లు తాగదేమో అనిపించి, ఊరుకోలేక అడిగేశాను.

"ఏం చెల్లె, మా నీళ్లు తాగవా?"

"అయ్యో, గట్ల కాదన్నా. నాకు నీళ్లు లెక్కనే. దినానికి గిన్నే అని డాక్టర్ చెప్పిండు. పొద్దుగాలనే సగం తాగిన."

సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి పని మీద పడి, ప్లగ్గులు ఇప్పి పేపరు మీద పరిచాను. ఆమె లేచి వచ్చి చూసింది.

"ఏమైందన్నా ఇంజన్‌కు?"

"ఆయిల్ కాలుతుంది చెల్లె. యాడికెల్లి వస్తుందో తెలుస్తలేదు."

ఆమె ఒక ప్లగ్గు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "గిది మా తైవాన్ పంపు వాసనొస్తుంది," అంది. తైవాన్ పంపు అంటే పొలంలో మందు కొట్టడానికి వీపున తగిలించుకునే పంపు. దాని చిన్న ఇంజన్‌కు పెట్రోలులో టూ-టీ ఆయిల్ కలిపి పోయాలి. కార్లకు అలా కలపకూడదు.

స్పానర్ కింద పెట్టాను. "గా పెట్రోల్ కార్ల ఎవలన్న పోస్తున్నరా?"

"నేనే పోస్త," అంది మామూలుగా. "ఆకుమచ్చ తెగులుకు మందు కొడుతుండు గదా ఈయన. కొట్టినప్పుడల్ల డబ్బల ఇంత మిగుల్తది. పాతదైతే పంపు స్టార్ట్ కాదు, పారబొయ్యి అంటడు. పెట్రోల్‌ను మట్టిల పారబోస్తరా అన్నా ఎవలన్న? కారు తిరిగేదే నా కోసం. పొలంల నాతోని ఏ పని అయితలేదు, గింతన్న చేద్దామని గరాటు పెట్టి పోసిన."

"అండ్ల ఆయిల్ ఉంటది చెల్లె!"

"ఉంటది, ఎరుకనే. ఇంజన్‌కు ఆయిల్ మంచిదే గదా?"

మంచిదే. పోయాల్సిన చోట పోస్తే మంచిదే. టాంకు కింది బోల్టు విప్పి ఒక క్యాన్‌లోకి పెట్రోలు దించాను. పంపు వాసన గుప్పుమంది, అడుగున నీళ్లు వేరుగా తేరుకున్నాయి. డబ్బా ఎక్కడ పెడతారని అడిగితే కొట్టం బయట అంది. దానికి మూత ఎప్పుడో పోయిందట. వాన నీళ్లు కూడా అందులోంచే చేరాయి. మందు కొట్టిన మరుసటి రోజల్లా కారుకు దగ్గు, మధ్యలో బంకు పెట్రోలు పడితే నయం. ఇంతే సంగతి. ఇంజన్‌కు ఏ రోగమూ లేదు.

నాకు ఆనందంతో ఎగరాలనిపించింది. "గీ నీళ్లకే బుధవారం ఆగింది!" అని గట్టిగా అనేశాను. అన్నాక ఆమె ముఖం చూశాను.

"అంటే గా దినం నాకు దమ్ము ఆడకుండ చేస్కున్నది నేనేనా?" అంది.

"నీ తప్పేం లేదు చెల్లె. మూడుసార్లు వచ్చినవ్, జర ముందుగాల చెప్తే అయిపోతుండె."

"నన్నెవలు అడిగిండ్రన్నా?"

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే ఎవరూ అడగలేదు. కారు ఆమె కోసం, ప్రాణం ఆమెది, నేను ప్రశ్నలన్నీ లింబాద్రిని అడిగాను. ఆమెను నీళ్లు తాగుతావా అని మాత్రం అడిగాను.

లింబాద్రి వచ్చాడు. బామ్మర్ది బండి ఖాళీ లేదట. నేను నోరు తెరిచేలోపు ఆమే కళ్లు తుడుచుకుంటూ చెప్పేసింది, ఒక్క ముక్క దాచకుండా. ఆయన అరుస్తాడేమో అని మధ్యలోకి పోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన క్యాన్‌లోకి వంగి చూశాడు, తర్వాత ఆమె పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"పారబొయ్యి అన్న గని, కార్ల పోయొద్దని చెప్పకపోతి," అన్నాడు. "ఏడ్వకు. ఏడిస్తే నీళ్ల దప్పికయితది నీకు."

దవాఖానకు ఫోన్ చేస్తే ఒంటిగంట దాకా ఆగుతామన్నారు. టాంకు కడిగి, పెట్రోలు పైపులు ఊది, కొత్త ప్లగ్గులు వేసి, మంచి పెట్రోలు పోసి పన్నెండింటికి తాళం ఇచ్చాను. కాసేపు నీలంగా ఊదిన తర్వాత పొగ ఆగింది. ఆమెకు ఆ రోజు డయాలసిస్ జరిగింది.

ఇప్పుడు నా షెడ్డుకు ఏ కారు వచ్చినా బానెట్ ఎత్తే ముందు అందులోంచి దిగిన ప్రతి మనిషినీ అడుగుతాను. వెనక సీటు ముసలమ్మనైనా సరే. "నీ పని నువ్వు చూసుకోక గీ ముచ్చట్లేంది భాయ్" అని నవ్వేవాళ్లున్నారు, నవ్వనీ. కానీ ఒక లెక్క మాత్రం నాకు తెగడం లేదు. రోగం దొరకక ఇప్పిన ఇంజన్లు అంతకు ముందు చాలా ఉన్నాయి. వాటి పక్కన కూడా ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాటిలో ఎన్ని బాగున్న ఇంజన్లో నాకు తెలియదు. ఇక ఎవరిని అడగాలో కూడా తెలియదు.