పొడుగు పేర్ల అడుగున షిజిల్

సముద్రపు ఒడ్డున మా కొయిలాండిలో మనిషి పోయాడంటే బస్టాండు గోడ మీద కాగితం పడేదాకా ఊరు నమ్మదు. ఫోటో, పేరు, ఇంటిపేరు, వయసు, ఎన్ని గంటలకు తీసుకెళ్తారో ఆ వేళ. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ముందు ఆ గోడ చదివి, తర్వాత బస్సు బోర్డు చదువుతారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కాగితాలన్నీ కూర్చింది దేవయాని చేచి, అష్రఫ్ ఇక్కా జిరాక్సు కొట్టులో కూర్చుని. మా వైపు చేచి అంటే అక్క, ఇక్కా అంటే అన్న.

ఆమెకు వయసు దగ్గర చాలా పట్టింపు. ఏడుస్తూ వచ్చిన కొడుకుని కూడా ఆపి, "నిండిన ఏళ్ళా, నడుస్తున్నవా?" అని అడిగేది. ఆ కొడుకు జవాబు చెప్పి ఊరుకోడు కదా, నాన్న ఆఖరి రోజు ఏమడిగాడో, తను ఏమివ్వలేకపోయాడో అంతా చెప్పుకునేవాడు. కాగితం మీద దానికి చోటు లేదు. అందుకని చేచి దాన్ని ఫైలు పేరులో కొట్టేది. 'పడన్నయిల్ చాత్తుక్కుట్టి, పోయేముందు చేపల పులుసు అడిగాడు, డాక్టరు వద్దన్నాడని పెట్టలేదు'. ఇదీ ఒక ఫైలు పేరు!

ఆ కంప్యూటరు బాగుచేసేవాణ్ణి నేను. ఆ పేర్లతో నాకు ఒళ్ళు మండేది.

"చేచీ, ఇది పేరా, ఉత్తరమా?"

"నీకేం పోయిందిరా ప్రశోభూ? నీ చేతులతో కొడుతున్నావా?"

"కంప్యూటరు మింగలేక చస్తోంది."

"వాళ్ళు మింగలేకే కదా నాకు చెప్తున్నారు. ఎక్కడో ఒకచోట ఉండనీ."

ఊరందరి కాగితాలూ కూర్చిన ఆమె, సొంత కొడుకుది మాత్రం గోడకు అంటించలేదు. షిజిల్ పన్నెండేళ్ళ కిందట చేపల వేటకు పడవ మీద వెళ్ళాడు. తుఫాను వచ్చింది. పడవ చెక్కలు దొరికాయి, వాడు దొరకలేదు. పోలీసులు లేడన్నారు, చుట్టాలు కర్మ చేయమన్నారు. చేచి ఎవరితోనూ వాదించలేదు, ఎవరి మాటా వినలేదు. ఆ ఇంటి తలుపుకు అప్పటినుంచీ గడియ పడలేదని ఊరందరికీ తెలుసు. దొంగలు కూడా ఆ తలుపు జోలికి వెళ్ళలేదు.

మొన్నామధ్య ఇక్కా కొట్టు మూసేస్తూ, ఆ కంప్యూటరును వాచనశాలకు, అదే మా ఊరి లైబ్రరీకి, ఇస్తానన్నాడు. అన్నీ తుడిచే పని నాకు పడింది. పొద్దున చేచి నాతో ఒకే మాట అంది: "తీసెయ్, కాదనను. నేను అన్నం తిని వచ్చాక తియ్యి."

నాకు ఆగే ఓపిక ఎక్కడిది? ఆమె అటు వెళ్ళగానే మొదలుపెట్టాను. వేల ఫైళ్ళు గంటలో పోయాయి. ఒక ఫోల్డరు మాత్రం పోలేదు. కంటికి కనిపిస్తూనే ఉంది, తీసేయబోతే 'అలాంటిది ఇక్కడ లేదు' అంటుంది. తెరవబోయినా అదే మాట.

"ఇదేం దయ్యంరా?" అన్నాడు ఇక్కా.

"దయ్యం కాదు ఇక్కా, చేచి చేతిపని. ఫోల్డర్లో ఫోల్డరు పెట్టి, ఒక్కోదానికి బారెడు పేరు తగిలించింది. అన్నీ కలిపి హద్దు దాటితే కంప్యూటరుకు అడుగున ఉన్నది అందదు. పైనుంచి పేర్లు కురచ చేసుకుంటూ పోతే దారికొస్తుంది."

మొదటి పేరు చదివి నవ్వుకున్నాం. 'ఈ ఏడు పనస విరగకాసింది'. దాన్ని చెరిపి 1 అని పెట్టాను. రెండోది 'బావి గిలక మార్పించాను, చప్పుడు వేరేగా ఉంటుంది, ఇల్లు తప్పావనుకోకు'. దానికి 2. మూడోది 'గళ్ళ చొక్కా ఎవరికీ ఇవ్వలేదు'. అప్పటికి ఇక్కా నవ్వడం మానేశాడు. నా చెయ్యి మాత్రం ఆగలేదు, 3 అని కొట్టేసింది. నాలుగోది 'తలుపు గడియ పెట్టలేదు, నెట్టుకుని రా'.

మీటల మీంచి చెయ్యి తీసేశాను. ఏటేటా తుఫాను రోజున ఒక కొత్త ఫోల్డరు చేసి, పాతదాన్ని అందులో దాచుకుంటూ వచ్చిందన్నమాట. నేను చెరిపిన ఆ మూడు పేర్లతోనే దారి సుగమమైంది. అన్నిటి అడుగున ఉన్న ఫైలు ముట్టుకోగానే తెరుచుకుంది. షిజిల్ ఫోటో. పేరు, ఇంటిపేరు, వయసు ఇరవై మూడు. తేదీ ఖాళీ.

తల తిప్పితే చేచి గుమ్మంలో ఉంది.

"తెరుచుకుందా?" అంది. "మూడేళ్ళయింది నాకు తెరుచుకోక. ఎవరికైనా చెప్తే, వాడే లేడంటారని చెప్పలేదు."

"చేచీ, నేను తప్పు చేశాను. పైన మూడు పేర్లు చెరిపేశాను. వెనక్కి తేవచ్చు, రెండు మీటలు నొక్కితే చాలు."

ఆమె కొడుకు మొహం మీంచి చూపు తిప్పలేదు. అలా చూస్తూనే అంది, "వద్దులేరా. మాటల మీద మాటలు పేర్చి వాణ్ణి నేనే అందకుండా చేసుకున్నాను."

తర్వాత తన కుర్చీలో కూర్చుని, ఖాళీలో ఆ తుఫాను తేదీ కొట్టింది. ఒక్క మీట దగ్గరా తడబడలేదు. "ఇరవై మూడు నిండాయి, నడుస్తున్నవి కాదు," అని తనలో తనే అనుకుంది. ఇరవై ప్రతులు తీసింది. గోడకు తనే జిగురు పూసి అంటించింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చదివి, ఆమెకు దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నారు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మర్నాడు సాయంత్రం ఆ ఫోల్డర్లన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. చెరిపిన మూడు పేర్లూ మళ్ళీ పెట్టి తెచ్చాను. మనసు ఒప్పలేదు. తలుపు నెట్టబోయాను. కదలలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి లోపల గడియ పడి ఉంది.

పోనీలే, ఒప్పుకుంది, అనుకున్నాను. గుండె తేలికపడింది కూడా. తలుపు తట్టాను.

లోపల ఏదో గిన్నె కిందపడింది. పరుగున వస్తున్న అడుగులు.

"షిజిలా? ఉండు నాన్నా, ఉండు, వెళ్ళిపోకు! ఇవాళే పెట్టాను గడియ!"