ముందు వాటాలో మా మేనత్త

నిన్న సాయంత్రం ముందు వాటా అద్దెకు చూసుకోవడానికి ఒకాయన వచ్చాడు. గదులన్నీ తిరిగి, కుళాయి తిప్పి చూసి, ఇల్లుగల టీచరుగారు లోపలికి వెళ్ళాక నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏమండీ, ఈ వాటాలో ఎవరో పోయారంట గదా?" ఆ సంగతి టీచరుగారే ఆయనకు గుమ్మంలోనే చెప్పారు. వచ్చినవాళ్ళందరికీ ముందే చెబుతారు. "మా మేనత్త," అన్నాను. గోడల నుంచి ఇంకా కొత్త సున్నం వాసన వస్తోంది.

మాది వినగడపలో ఒకప్పుడు పెద్ద లోగిలి. గొప్పకు చెప్పడం లేదు. గొప్పకే అయితే ఆరని పొయ్యి సంగతీ, ఆ పంక్తి భోజనాల సంగతీ కూడా చెప్పేవాణ్ణి. ఇప్పుడది పత్తి గోడౌను. మేనత్త చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి, ఆ లోగిలిని మా నాన్న కంటే గట్టిగా ఏలింది. అది చేజారి తిరువూరులో ఈ అద్దె వాటాకు వచ్చాక కూడా ఆమె మాటలో తేడా రాలేదు. "చావడిలో కూర్చో," "పెరట్లో పెట్టు" అంటూనే ఉండేది. చావడి అంటే బీరువాకూ గోడకూ మధ్య ఉన్న జాగా. పెరడు అంటే తులసి కుండీ.

పోయిన చలికాలంలో ఆమె కడుపులో పుండు అనుకున్నది పుండు కాదని తేలింది. విజయవాడ డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చూసుకోమన్నారు. అందుకోసం విస్సన్నపేట నుంచి ఒక నర్సమ్మ స్కూటీ మీద వచ్చేది. మొదటి రోజే మేనత్త మంచం మీద నుంచి ఆమెను గుమ్మంలో ఆపేసింది.

"ఏం అమ్మాయ్, నీచు తిని వచ్చావా?"

"లేదమ్మగారూ. మాకు తపస్సు కాలం గదా, ఈస్టరు దాకా ముట్టం."

"తపస్సా? మీకూ ఉందా?" మేనత్త తల నావైపు తిప్పింది. "విన్నావురా? నువ్వు కార్తీక సోమవారం కూడా ఆమ్లెట్టు తిన్నావు."

నర్సమ్మ చేతులు కడుక్కుని వచ్చి, మందుల పెట్టె తెరవకుండా ముందు పక్కన కూర్చుంది. "మీకేది కూడదో చెప్పండమ్మగారూ, అది చెయ్యను," అంది. అలాంటి ప్రశ్న కోసం మేనత్త జీవితమంతా ఎదురుచూసినట్టుంది. తన తల దువ్వకుండా ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. తన చెంబు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇలా చాలాసేపు చెప్పి, చివర్లో గొంతు మార్చకుండానే అంది: "మంచం మీద పోనివ్వొద్దు. ఆసుపత్రిలో అసలే వద్దు. ఇంట్లో, నేల మీద పోవాలి." నాతో ఎప్పుడూ అనలేదు ఆ మాట.

అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళకు ఇందులో చిక్కేమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు నెలల తరబడి మూసి పెట్టాలి. ఆ తర్వాత కూడా అద్దెకు ఎవరూ తొందరగా రారు. అందుకే రోజులు దగ్గరపడితే ఇల్లుగలవాళ్ళు మొహమాటంగానే "మీ ఊరు తీసుకెళ్తే బాగుంటుందేమో" అంటారు. మాకు ఊరుంది గాని ఇల్లు లేదు. టీచరుగారిని అడగాలి. మా వంశంలో అడిగినవాళ్ళకు ఇవ్వడమే గాని, ఒకరిని అడిగిన అలవాటు లేదు. ఒకరోజు వినగడప వెళ్ళాను, గోడౌను పక్కనున్న వసారా అయినా ఆ సమయానికి అడుగుదామని. మా లోగిలి కొన్నాయన మంచివాడే, కుర్చీ వేసి కాఫీ ఇచ్చాడు. పత్తి బాగుందన్నాను. బస్సెక్కి తిరిగి వచ్చేశాను.

"టీచరుగారిని అడిగారా సార్?" అంది నర్సమ్మ, మళ్ళీ వచ్చినప్పుడు.

"అడుగుతాను."

"ఎప్పుడు సార్?"

"వీలు చూసుకుని."

"వాడు అడగడమ్మాయ్," అంది మేనత్త లోపలి నుంచి. "వాడి మెడ వంగదు. అచ్చం మా అన్న మెడే. నువ్వెళ్ళి ఆ టీచరమ్మను పిలువు."

టీచరుగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మేనత్త బస్సులో పక్క సీటు అడిగినంత తేలిగ్గా అడిగేసింది. "టీచరమ్మా, నేను ఇక్కడే పోదామనుకుంటున్నా. మీకేమన్నా అభ్యంతరమా?"

"ఇల్లు కట్టింది మనుషులుండటానికే గదండీ అత్తయ్యగారూ. ఉన్నవాళ్ళు పోకుండా ఉంటారా?"

"నక్షత్రం మంచిది కాకపోతే వాటా మూయాలి. మీకు నష్టం."

"మాకా పట్టింపు లేదు. మీకుంది గదా. మూయమన్నన్నాళ్ళు మూసే ఉంచుతాను."

ఆ జవాబులో తప్పేమైనా దొరుకుతుందేమోనని మేనత్త కాసేపు వెతికింది. దొరకలేదు. "ఈ గదికి సున్నం వేయించి చాలా ఏళ్ళయినట్టుందే," అంది. ఆమె తేలికపడితే అలాగే ఉండేది. ఆ పూట నేను చాన్నాళ్ళకు కడుపునిండా అన్నం తిన్నాను.

ఆఖరి నిమిషంలో మంచం మీంచి దించితే ఆ నొప్పి తట్టుకోలేదనీ, మందు బాగా పనిచేస్తున్నప్పుడే నేల మీద పక్క వేద్దామనీ నర్సమ్మ చెప్పింది. మెత్తటి పరుపు వేసి, దుప్పటితో సహా ఎత్తి మెల్లగా దించాం. మేనత్త మూలగలేదు. నేల మీద చూసుకోవడం మరి నీకు కష్టం గదా అని నేనంటే, "మోకాళ్ళ మీద ఉండటం మాకు అలవాటేలెండి," అని నవ్వింది నర్సమ్మ. కష్టమల్లా నాకే. గోడ పట్టుకుని చతికిలబడ్డాను. టీచరుగారూ వచ్చి కూర్చున్నారు. మేనత్త మమ్మల్ని వరసగా చూసి, "ఇన్నాళ్ళకు అందరూ చావడిలో కూర్చున్నారు," అంది. పక్కనే ప్రార్థన చేసుకోవచ్చా అని టీచరుగారు అడిగితే, "చేసుకోండి, మెల్లగా. నాకు నిద్ర పట్టాలి," అంది.

మామిడి పిందెలు గట్టిపడే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఊపిరి మారిందని నర్సమ్మ చెప్పింది. తల ఆమె పట్టుకుంది, తులసి నీళ్ళు నేను పోశాను. మొహంలో బాధ లేదు. అంతా అయ్యాక నర్సమ్మ లేచి, "ఇక మీవాళ్ళు వస్తారు గదా సార్, నేను పక్కకు వెళ్తాను," అంది. "కాసేపు ఉండమ్మా," అన్నాను. అడగడం అంత కష్టమేమీ కాదు.

నక్షత్రం నిజంగానే మంచిది కాదట. టీచరుగారు వాటాకు తాళం వేసి, తాళంచెవి నా చేతికే ఇచ్చారు. నేను మేడ మీద గదిలోకి మారాను. పురోహితుడు చెప్పిన గడువు తీరాకే తాళం తీసి, సున్నం వేయించారు.

నిన్న నా జవాబు విన్నాక ఆయన ఇంకో మాట అడిగాడు. "మరి, భయమేం లేదుగా?"

"గాలి బాగా వస్తుందండీ," అన్నాను.

ఆయన లోపలికి తొంగి చూసి గోడ పక్క జాగా చూపించాడు. "ఇక్కడ మా ఫ్రిజ్ పడుతుందా?"

"అది చావడండీ," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మా లోగిలికి ఎన్ని గుమ్మాలుండేవో ఈమధ్య నాకు సరిగా గుర్తు రావడం లేదు. బీరువా పక్కనున్న ఆ కాస్త చావడి మాత్రం రోజులు గడిచేకొద్దీ విశాలమవుతోంది.