కారుకి తగిలిన దిష్టికాయ

గాజువాకలో మా కొత్త కారుకి దిష్టి తీయడానికి మా అత్తవారి ఊరు పద్మనాభం నుంచి మావయ్యగారు వచ్చారు. నేలకేసి కొట్టబోతే కొబ్బరికాయ చేయిజారి ముందు అద్దానికే తగిలింది. అద్దమంతా సాలెగూడులా బీటలు! వీధంతా చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

నిజం చెబితే ఇన్సూరెన్స్ రాదనుకున్నాం. మర్నాడు కారు చూడ్డానికొచ్చిన సర్వేయరుతో మావారు, “లారీ వెనకాల వెళ్తుంటే రాయి ఎగిరి తగిలిందండి” అన్నారు.

పక్కనే ఉన్న మావయ్యగారు ఊరుకోలేదు. “రాయేటి బాబూ? నా సేతిలో కొబ్బరికాయే జారిపోనాది.”

సర్వేయరు నవ్వేశాడు. “కావాలని కొట్టలేదు కదండీ, ఇదీ ప్రమాదమే. అబద్ధమని తేలితేనే క్లెయిమ్ పోయేది.”

కొత్త అద్దం వచ్చింది. మావయ్యగారి నోటికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పటికీ దసరాకి దిష్టి తీసేది ఆయనే. తిప్పడం అవగానే, కాయ కొట్టేలోపు మావారు కారు వెనక్కి తీసేస్తారు.