మొదటి గీత

నిన్న ఉదయం సిరిసిల్లలో రోడ్డు అంచున నిలబడి ఉండగా ఒక బస్సు నన్ను ఒరుసుకున్నట్టే దాటిపోయింది. చెంపకు గాలి తగిలాకగానీ నాకు తెలియలేదు. చప్పుడు లేదు, పొగ లేదు, ఇన్నేళ్లూ బస్సు రాకను ముందే చెప్పిన డీజిలు వాసన లేదు. కరెంటు బస్సు. ముందున్న మలుపులో తిరిగి, అవతలి వైపు స్టాపులో ఆగింది. నేను ఎక్కవలసింది దాన్నే. మధ్యలో నాలుగు వరుసల రోడ్డు, నడుమెత్తు డివైడరు. దాటడానికి సందు చాలా దూరంలో ఉంది. డెబ్బై దాటిన మోకాళ్లతో నేను ఆ దూరం లెక్క వేసుకుంటుండగానే బస్సు తలుపులు మూసుకుని, వచ్చినంత నిశ్శబ్దంగా వెళ్లిపోయింది. ఆ రోడ్డు అట్లా ఉండటంలో నా సంతకం కూడా ఉంది. ఆ సంగతి తెలిసి నన్ను ఒక్క మాట అనని మనిషి రూతమ్మ మేడం. ఆమె ఇప్పుడు లేరు.

నేను పనిచేసింది పట్టణాల్లో రోడ్లను సర్వే చేసే ఒక చిన్న ఆఫీసులో. ఏ రోడ్డు మీద ఎన్ని బండ్లు పోతున్నాయో మేము లెక్కించి పంపితే, దాన్నిబట్టి రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో పైవాళ్లు నిర్ణయించేవారు. రూతమ్మ మేడం మాకు అధికారిగా వచ్చేనాటికి నాకు ఆ పనిలో ఇరవయ్యేళ్లు నిండాయి. ఆమె నాకన్నా నాలుగేళ్లు చిన్న. బుగ్గారంలో భూమి లేని కూలీల ఇంట పుట్టి, పొలంగట్ల మీద నడిచి బడికి పోయి చదువుకున్నారు. అధికారి అయ్యాక కూడా నడక మానలేదు. జీపు షెడ్డులో ఉండేది, ఆమె పుల్ల విరిగిన నల్లగొడుగు వేసుకుని సర్వే చోటికి నడిచి వచ్చేవారు. “జీపుల కూసుంటే రోడ్డు కనవడదన్నా, ముంగటి లారీ ఎనక రాసిన రాత తప్ప” అనేవారు.

మొదటివారంలోనే ఇద్దరం సాంచాల వాడ మూల మీద లెక్కకు కూర్చున్నాం. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. పొద్దున ఎనిమిదింటికి షిఫ్టు మారుతుంది. రాత్రంతా నేసినవాళ్లు ఇంటికి, పగటివాళ్లు పనికి, రోడ్డు నిండా మనుషులు. నేను నా పద్ధతిలో బండికొక గీత గీస్తున్నాను, నాలుగు నిలువు గీతల మీద ఒక అడ్డగీత. మా ఫారంలో ప్రతి బండినీ కార్ల లెక్కలోకి మార్చాలి. బస్సంటే మూడు కార్లు, సైకిలంటే అరకారు. నా ఫారాల్లో కొట్టివేతలు ఉండవని నాకు కొంచెం గర్వం. ఆమె వంగి చూశారు.

“మంచిగ రాసినవ్. గిప్పుడు పోయిన బస్సుల ఎందరున్నరు?”

“నిండుగ ఉన్నది మేడం. నిలవడ్డోళ్లు గూడ ఉన్నరు.”

“అంతమంది కలిసి మూడు కార్లేనా?”

“బస్సు తీసుకునే జాగను బట్టి గట్ల వెట్టిన్రు మేడం.”

“జాగ లెక్క సరే. మనుషుల లెక్క ఏది?” అని, మళ్లీ అడిగారు. “మీ బాపు ఏం పనిజేస్తుండె అన్నా?”

“ముందు చేతిమగ్గం. తర్వాత గీ సాంచాలే నడిపిండు.”

“పనికి దేని మీద పోతుండె?”

“నడిసే.”

“మరి మీ బాపు ఏ గడిల ఉన్నడు?”

ఫారం వైపు చూశాను. లారీ, బస్సు, కారు, ఆటో, స్కూటరు, సైకిలు, ఎడ్లబండి. ఎడ్లబండికి కూడా ఒక గడి ఉంది. టిఫిన్ డబ్బా పట్టుకుని బతుకంతా ఇదే మూల మీంచి నడిచిన మా బాపుకు లేదు. ఆయన వంటివాళ్లు ఇరవయ్యేళ్లుగా నా ముందునుంచే పోతుంటే బండ్ల మధ్య అడ్డం వచ్చినవాళ్లుగా మాత్రమే చూశాను. ఆమె నా స్కేలు తీసుకుని కొత్త ఫారం చివర ఒక గడి గీసి, ‘నడిచేవాళ్లు’ అని రాసి, లెక్క మొదలుకాకముందే అందులో ఒక గీత గీశారు.

“ఇది ఎవరిది మేడం?”

“నాది. నేను గిట్ల నడిసే అచ్చిన గద. లెక్కవెట్టేటోళ్లు మొదలు తమనే మరుస్తరు. నీది నువ్వు గీసుకో.”

నేను రెండో గీత గీశాను. ఆ పూట నడిచేవాళ్ల గడి చాలక పక్కన కాగితాలు అంటించాల్సి వచ్చింది. పదిహేను రోజులు అట్లాగే లెక్కించాం. ప్రతి సాయంత్రం ఆ అంకెలన్నీ నా డైరీలోకి ఎక్కించుకున్నాను. అది నా పాత అలవాటు, ఎవరూ చెప్పింది కాదు.

ఆ రోడ్డును పెంచాలని అప్పటికే ప్రతిపాదన ఉంది. పెంచనక్కర లేదని ఆమె రాశారు. ఒక పక్క చెట్ల నీడన నడిచే బాట వదలాలి, షిఫ్టు మారే వేళకు సాంచాల వాడలన్నీ చుట్టివచ్చే ఒక చిన్న బస్సు నడపాలి. “రోడ్డు పెంచితే బండ్లు పెరుగుతయి. నడిచేటోళ్లు మాత్రం గాడనే ఉంటరు” అన్నారు. నమ్మనివాళ్లకు చూపించాలని ఒకనాడు పొద్దున్నే సంచి నిండా ముగ్గుపిండి తెచ్చి, రోడ్డు పక్క నుంచి రెండు గజాలు వదిలి పొడుగునా గీత పోశారు. నేను తాడు పట్టాను. బీడీల చాట నెత్తిన పెట్టుకుని వస్తున్న లక్ష్మవ్వ ఆగి చూసింది.

“ఏంది మేడం, రోడ్డుకు ముగ్గేస్తున్నవ్? ఏ దేవుడస్తుండు?”

“నువ్వే అస్తున్నవ్ గద అవ్వా. గీతకు లోపట నడువు.”

“నడిస్తె ఆటోవోడు ఊకుంటడా?”

“నడిసి సూడు.”

లక్ష్మవ్వ చన్నీళ్లలో కాలు పెట్టినట్టు పెట్టింది. వెనుక మరో నలుగురు. ఆ తర్వాత షిఫ్టు మనుషులంతా. ఒక ఆటో డ్రైవరు తల బయటికి పెట్టి, “ముగ్గు తొక్కితె మా ఇంటామె బువ్వ వెట్టది” అని నవ్వుతూ బండిని పక్కకు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి గీతను చక్రాలు తుడిచేశాయి. నేను నిరాశగా చూస్తుంటే ఆమె చేతులు దులుపుకున్నారు. “నాలుగు గంటలు ఆగింది గదన్నా. పిండే బండ్లను ఆపితే రాయి ఆపదా?”

ఫారాలు పంపాల్సిన వారంలో ఆమె శిక్షణ కోసం హైదరాబాదు వెళ్లారు. పైనుంచి ఫోను వచ్చింది. ఫారంలో లేని గడులు పనికిరావు, ఉన్న గడులే నింపి సాయంత్రానికి పంపండి, సర్వేయరు సంతకం చాలు. ఆమె వచ్చేదాకా ఆగమని నేను అనవచ్చు. ఆ నెలలో నాకు ప్రమోషన్ రావలసి ఉంది. అనలేదు. కూర్చుని పదిహేను రోజుల లెక్కా కొత్త ఫారాల మీద ఎక్కించాను, చివరి గడి లేకుండా, ఒక్క కొట్టివేత లేకుండా. ఆ రోజు డైరీలో రెండే ముక్కలున్నాయి. ‘ఫారాలు తిరగరాసి పంపాను. ఎండ ఎక్కువ.’ ఆమె తిరిగి వచ్చి నకలు తెప్పించుకున్నారు. ఒక్కో కాగితం తిప్పుతూ చాలాసేపు చూశారు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. “రాత మంచిగున్నది” అని మాత్రం అన్నారు.

రోడ్డు పెంచే నిర్ణయం ఆ లెక్క మీదే జరిగింది. తర్వాత మామూలు బదిలీల్లో ఆమె కోరుట్లకు వెళ్లారు. సిరిసిల్లలో చెట్లు కొట్టడం మొదలైన ఆదివారం నేను ఇంట్లో ఉండలేక వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాను. మార్కెట్ దారిలో అదే గొడుగు కింద ఆమె ఒంటరిగా నిలబడి లెక్కపెడుతున్నారు. సెలవు రోజు. పక్క హోటల్లో చాయ్ చెప్పారు.

“మేడం, ఆ ఫారాలు...”

“చాయ్ సల్లారుతది, తాగు.” నేను తాగేదాకా ఆగి అడిగారు. “నీ డైరీల గా గడి ఉన్నదా?”

“ఉన్నది మేడం. అన్ని దినాలయి.”

“కొట్టెయ్యలేదా?”

“లేదు.”

“అయితే ఎన్నడన్న ఒకనాడు ఆఫీసుల ఇయ్యి. లెక్కకు ముసలితనం రాదు.” హైదరాబాదులో విన్న సంగతులు అప్పుడే చెప్పారు. “రేపు పొగ రాని బస్సులు గూడ అస్తయట. రానియ్యి, మంచిదే. బస్సు కాడికి నడిసి పోయే తొవ్వ ఉంటదా అన్నదే నాకు ఫికరు.”

క్షమించారో లేదో ఆ మాటల్లో నాకు అంతుపట్టలేదు. ఏటా క్రిస్మస్‌కు ఫోను చేసేవాణ్ణి. ఇచ్చావా అని ఆమె ఎన్నడూ అడగలేదు. ఇవ్వలేదని నేనూ చెప్పలేదు. ఆమె పోయిన కబురు నాకు నెల తర్వాత తెలిసింది. జగిత్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి బుగ్గారానికి మరొకటి పట్టుకుని, సమాధుల దాకా నడిచాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు లేరు. నేనెవరినని చెప్పుకోవాలో కూడా తెలియలేదు. లెక్కపెట్టేవాడి బతుకు అంతే. దారిన పోయే అందరినీ చూస్తాడు, వాణ్ణి ఎవరూ చూడరు. ఆ ఒక్క మనిషి చూసింది.

కరెంటు బస్సులు ఎక్కడ ఆగాలో, దాటే చోట్లు ఎక్కడ ఉండాలో ప్రజలు సూచనలు ఇవ్వవచ్చని మొన్న ప్రకటన చూశాను. గడువు ఈ వారమే. నిన్న బస్సు తప్పాక నడుస్తూనే ఆ సూచనలు తీసుకునే ఆఫీసుకు వెళ్లి, చేతిసంచిలోని పాత డైరీ బల్ల మీద పెట్టాను. ఎందుకు ఇన్నేళ్లు దాచానో, ఏ ఫారం మీద నా సంతకం తప్పో ఒక కాగితం మీద రాసి జతచేశాను. అక్కడి ఉద్యోగిని ఓపికగా చదివింది.

“తాతా, ఇది పాత లెక్క. తీసుకుంట, కాని గిప్పటిది గూడ ఉంటెనే బలం.”

“ఇప్పుడు ఎవరు లెక్కవెడుతున్నరమ్మా?”

“కెమెరాలు వెట్టిన్రు.”

“అవి నడిచేటోళ్లను గూడ లెక్కవెడుతయా?”

ఆమె తలెత్తి నన్ను చూసింది. “అది నాకు తెల్వది తాతా. నువ్వు రాసుకొస్తె జతచేస్త.”

ఈ ఉదయం ఎనిమిదింటికి ముందే ఆ పాత మూల మీద కూర్చున్నాను. షిఫ్టు మారుతోంది. అప్పటి గుంపు లేదు. చాలామంది బండ్ల మీద పోతున్నారు, నడిచేవాళ్లు ఒకరొకరుగా డివైడరు దాకా వచ్చి ఆగుతున్నారు. ఒకామె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దాన్ని ఎక్కి దిగింది. నేను ఒడిలో స్కేలు పెట్టుకుని గడి గీశాను. ‘నడిచేవాళ్లు’ అని రాశాను. నేనూ నడిచే వచ్చాను కనుక మొదట నాది గీసుకున్నాను. ఆనాడు రెండు గీతలతో మొదలైంది. పక్క గీత మేడంది. ఆ చోటు ఖాళీగా వదిలి, డివైడరు ఎక్కి దిగిన ఆమెకు తర్వాతి గీత గీశాను.